పురిటింటి గడప దాటినవారు

నూజివీడు అని పేరు రాసి ఉన్న రైల్వే స్టేషను నూజివీడులో ఉండదు, హనుమాన్ జంక్షన్‌లో ఉంటుంది. రసాలకు పేరుపడ్డ ఊరు కదా అని రైలు దిగిన కొత్తవాళ్ళు అటూ ఇటూ చూసి "ఊరెక్కడండీ?" అని అడిగితే, ఇక్కడివాళ్ళు వాయవ్యంగా మామిడితోటల మీదుగా పోయే రోడ్డు చూపిస్తారు. దక్షిణాన గుడివాడ రోడ్డు, పడమర బెజవాడ, తూర్పున ఏలూరు. అన్ని దారులూ కలిసేచోట ఆంజనేయస్వామి గుడి ఉంది, ఊరికి ఆ పేరే నిలిచింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలో చేరింది, జంక్షన్ ఉన్న బాపులపాడు మండలం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. స్టేషను పేరు మాత్రం మారలేదు.

అన్ని దారులూ కలిసిన ఊరు కనుక ఇక్కడి ఆడవాళ్ళు కాన్పుకు ఎటైనా వెళతారు. కొందరు నూజివీడు, కొందరు ఏలూరు, కాస్త కష్టమనిపిస్తే బెజవాడ. రెండు మూడు రోజులకు బిడ్డను పొత్తిళ్ళలో పెట్టుకుని తిరిగి వస్తారు. ఆటో దిగి, దిష్టి తీయించుకుని, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంటారు. ఆ బిడ్డ మూడు కిలోలుంటే చింత లేదు. కిలోన్నరో, కిలో ఎనిమిది వందలో ఉంటే? ఆసుపత్రి వెనక ఉండిపోయింది, డాక్టరు వెనక ఉండిపోయాడు. తలుపు వేసిన ఆ ఇంట్లో ఆ బిడ్డను చూసేదెవరు? ఇది ఈనాటి ప్రశ్నలా కనిపిస్తుంది గాని దీనికి నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను, పుస్తకాల్లో చదివినంత మేరకు, ఈ చుట్టుపక్కల చూసినంత మేరకు, ఒక వరుసలో పెట్టి చెప్పాలని ఈ వ్యాసం.

ముందుగా 'బరువు తక్కువ' అంటే ఏమిటో చెప్పుకోవాలి. పుట్టినప్పుడు రెండున్నర కిలోలకు తక్కువ తూగిన బిడ్డను వైద్యులు ఆ కోవలో చేరుస్తారు. కొందరు నెలలు నిండకుండా పుట్టి చిన్నగా ఉంటారు. కొందరు నెలలు నిండినా తల్లికి తిండి చాలకో, రక్తం లేకో కడుపులోనే ఎదగక చిన్నగా ఉంటారు. మన దేశంలో ఈ రెండో రకం చాలా ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తూకం వేసిన బిడ్డల్లో సుమారు 18 శాతం రెండున్నర కిలోల లోపే ఉన్నారు. చిన్న బిడ్డకు చర్మం కింద కొవ్వు ఉండదు కనుక ఒళ్ళు త్వరగా చల్లబడుతుంది. చప్పరించే బలం తక్కువ కనుక పాలు చాలవు. పాలు చాలక నీరసిస్తుంది, నీరసించి మరీ తాగలేకపోతుంది. ఈలోగా బొడ్డు నుంచో, చేతుల నుంచో చీము పుట్టించే క్రిములు చేరితే రక్తమంతా విషమవుతుంది. ఈ మూడింటిలో ఏదీ చప్పుడు చేస్తూ రాదు. ఏడవని బిడ్డను చూసి "ఎంత బుద్ధిమంతుడో" అని మురిసిపోయే ఇళ్ళలో ఆ నిశ్శబ్దమే ప్రమాద సూచన. దాన్ని పసిగట్టాలంటే రోజు విడిచి రోజు ఎవరో ఒకరు వచ్చి చూడాలి.

పూర్వం ఆ వచ్చే మనిషి మంత్రసాని. పురుడంటే మైల. ఇంటికొసన ఉన్న చీకటిగదిలో తల్లినీ బిడ్డనూ ఉంచేవారు. కులాన్నిబట్టి తొమ్మిదో రోజో, పదకొండో రోజో పురిటిస్నానం అయ్యేదాకా ఇంటివాళ్ళు కూడా ముట్టుకునేవారు కాదు. నులకమంచం కింద కుంపటి, సాంబ్రాణి పొగ, తలుపుకు వేపమండ. ఆ గదిలోకి ఏ అడ్డూ లేకుండా వెళ్ళగలిగింది మంత్రసాని ఒక్కతే. ఆమె కొన్ని ఊళ్ళలో మంగలి స్త్రీ, కొన్ని ఊళ్ళలో చాకలి, చాలా ఊళ్ళలో మాల మాదిగ వాడల నుంచి వచ్చిన స్త్రీ. మామూలు రోజుల్లో గడప దాటనివ్వని ఇళ్ళే పురుటి పది రోజులూ ఆమెను గది లోపలికి పిలిచాయి. మైల ఉన్నచోటికి మైలపడ్డ కులం రావచ్చన్న లెక్క అది. ఆమె ప్రవేశానికీ, ఆమె మీది చిన్నచూపుకూ కారణం ఒక్కటే.

ఆమెకు తెలిసినవి చాలానే ఉన్నాయి. అడ్డం తిరిగిన బిడ్డను గుర్తుపట్టడం, తల్లికి ధైర్యం చెప్పడం, చిన్న బిడ్డను దూదిలోనూ పాత చీరల మడతల్లోనూ చుట్టి తల్లి పక్కలోనే ఉంచడం ఆమెకు తెలుసు. తెలియనివీ ఉన్నాయి. బొడ్డు కోసే కొడవలిని, బ్లేడును మరిగించాలని ఆమెకెవరూ చెప్పలేదు. పుట్టీ పుట్టకముందే నీళ్ళు పోయడం, ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోయించడం, మూడో రోజుదాకా తేనె, పంచదార నీళ్ళు, ఆముదం చుక్కలతో గడపడం ఆనాటి ఆచారం. మూడు కిలోల బిడ్డ దాన్ని తట్టుకున్నా కిలోన్నర బిడ్డ తట్టుకోలేకపోయేది. అయితే ఈ ఆచారాలన్నీ మంత్రసాని కనిపెట్టినవి కావు, ఇంటి పెద్దలవి. నింద మాత్రం ఆమెకే మిగిలింది.

ఆంగ్లేయుల కాలపు సంస్కరణలు ఆ నిందతోనే మొదలయ్యాయి. 1885లో వైస్రాయి భార్య లేడీ డఫ్రిన్ పేరుమీద భారతస్త్రీలకు వైద్యసహాయం అందించే నిధి ఏర్పడింది. 1903లో లేడీ కర్జన్ చొరవతో విక్టోరియా స్మారక నిధి వచ్చింది, దాని పని మంత్రసానులకు శిక్షణ ఇవ్వడం. ఉద్దేశం మంచిదే. కాని ఆనాటి రాతల్లో మంత్రసాని అంటే మురికి, మూఢత్వం, మొండితనం అనే మాటలే వినిపిస్తాయి. ఆమెకు చదువు నేర్పుదామన్నవాళ్ళు ఆమె పనికి జీతం మాట తలపెట్టలేదు. కాన్పుకు ఇన్ని మానికల ధాన్యం, ఒక పాత చీర అనే పద్ధతి అలాగే సాగింది.

మన వైపు చూస్తే, అమెరికన్ లూథరన్ మిషను పంపిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో అక్కడ స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచింది. కోస్తా జిల్లాల్లో ఆడవాళ్ళు ఆడ డాక్టరు దగ్గరకు వెళ్ళడమన్న అలవాటు ఇటువంటి చోట్లనే మొదలైంది. 1926లో మద్రాసు ప్రభుత్వం నర్సులూ మంత్రసానుల నమోదుకు చట్టం చేసింది. 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసు నుంచి 'గృహలక్ష్మి' పత్రికను ప్రారంభించాడు. చదువుకున్న ఇల్లాళ్ళకు పత్రికల ద్వారా ఆరోగ్యం మాటలు చేరసాగాయి. 1939లో వచ్చిన మద్రాసు ప్రజారోగ్య చట్టం మాతాశిశు సంక్షేమాన్ని స్థానిక సంస్థల బాధ్యతల్లో చేర్చింది. ఈ వరుసంతా గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. అందరి చూపూ కాన్పు జరిగే ఆ కొన్ని గంటల మీదే ఉంది. కాన్పు తరువాతి నెల రోజులు ఎవరి లెక్కలోనూ లేవు.

1946లో భోర్ కమిటీ నివేదిక వెలువడింది. నలభై వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలని, అందులో ఇద్దరు డాక్టర్లతో పాటు నలుగురు ప్రజారోగ్య నర్సులు, నలుగురు మిడ్‌వైఫులు, శిక్షణ పొందిన నలుగురు మంత్రసానులు ఉండాలని ఆ నివేదిక చెప్పింది. ఆ సంవత్సరమే ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో ఆచంట రుక్మిణీ లక్ష్మీపతి ప్రజారోగ్య మంత్రిణి అయ్యారు. మద్రాసు రాష్ట్రంలో మంత్రిపదవి చేపట్టిన తొలి మహిళ ఆవిడే. ఆ మంత్రివర్గం 1947 మార్చిలోనే పడిపోయింది. నివేదికలోని సంఖ్యలు చాలాకాలం కాగితం మీదే ఉండిపోయాయి. అయినా డాక్టర్ల పట్టికలో మంత్రసాని పేరును కూడా చేర్చిన పెద్ద ప్రణాళిక కనుక దాన్ని గుర్తుంచుకోవాలి.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలై, దాని వెంట ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. కేంద్రం నుంచి ఉపకేంద్రాలు, ఉపకేంద్రానికొక ఏఎన్‌ఎం. ఊళ్ళు ఆమెకు నర్సమ్మ అని పేరు పెట్టుకున్నాయి. తెల్లచీర, చేతిలో సంచి, ఐదారు ఊళ్ళు, ఐదువేల జనాభా. ఆమెకు చదువుంది, మరిగించిన కత్తెర ఉంది, ధనుర్వాతం సూది ఉంది. కాని ఆమె ఆ ఊరి మనిషి కాదు. బస్సు దొరికిన రోజు వస్తుంది, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతుంది. పుట్టిన మూడో రోజున బిడ్డ పాలు మానేస్తే ఆ రోజున నర్సమ్మ ఏ ఊళ్ళో ఉందో ఎవరికి తెలుసు?

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి వచ్చిపడింది. 1960ల నడుమ నుంచి కుటుంబ నియంత్రణకు లక్ష్యాలు పెట్టారు. నెలకిన్ని ఆపరేషన్లు చేయించాలన్న లెక్క నర్సమ్మ మెడకు చుట్టుకుంది. 1975–77 నడుమ అత్యవసర పరిస్థితి కాలంలో అది మరీ ముదిరింది. పురిటింటికి నర్సమ్మ వస్తే "బిడ్డను చూడటానికి వచ్చిందా, ఆపరేషనుకు పేరు రాసుకోవడానికి వచ్చిందా?" అని అనుమానించే స్థితి ఏర్పడింది. ఈ లక్ష్యాల పద్ధతిని దేశమంతటా ఎత్తివేసింది 1996లో. ముప్పై ఏళ్ళపాటు ఇంటి గడప దగ్గర పోగొట్టుకున్న నమ్మకం ఒక్క ఉత్తర్వుతో తిరిగి రాదు కదా. 1977లో గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకం పెట్టారు, ఊరి మనిషినే ఎంచి శిక్షణ ఇవ్వాలన్నది దాని ఆలోచన. ఆలోచన సరైనదే, కాని ఎంపికైనవారిలో ఎక్కువమంది మగవాళ్ళు. పురిటిగది తలుపు మగవాడికి తెరుచుకోదన్న సంగతి ఢిల్లీలో ఎవరికీ తట్టలేదు కాబోలు.

ఈలోగా హైదరాబాదులో మరో కోణం నుంచి పని జరుగుతోంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. బిడ్డ బరువు తల్లి కంచంలో మొదలవుతుందన్నది అక్కడి శాస్త్రవేత్తలు పదే పదే చెప్పిన మాట. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద అంగన్‌వాడీలు మొదలయ్యాయి. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు చుట్టుపక్కల 29 గ్రామాల్లో ఈ సంస్థ ఒక అధ్యయనం నడిపింది. 15 గ్రామాల్లో గర్భిణులకూ, బాలింతలకూ, ఆరేళ్ళలోపు పిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా రోజూ పెట్టారు. మిగిలిన 14 గ్రామాల్లో ఆ పథకం ఇంకా రాలేదు. ఉప్మా పెట్టిన ఊళ్ళలో బిడ్డల సగటు పుట్టుబరువు సుమారు అరవై గ్రాములు ఎక్కువగా తేలింది. అరవై గ్రాములంటే ఏముంది, ఒక కోడిగుడ్డు బరువు. కాని ఆ పిల్లలను పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ ప్రాయంలో మళ్ళీ వెతికి కొలిస్తే, పక్క ఊళ్ళవాళ్ళకంటే 14 మిల్లీమీటర్లు పొడుగ్గా ఉన్నారు, గుండెజబ్బు సూచికలు కూడా కొంత మెరుగ్గా ఉన్నాయి. ఈ ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వెలువడ్డాయి. అంగన్‌వాడీ ఆయా గరిటెతో వడ్డించిన ఉప్మా పదిహేనేళ్ళ తరువాత ఎముకల్లో కనిపించిందన్నమాట.

తల్లికి తిండి పెట్టడం సరే. ఇప్పటికే చిన్నగా పుట్టిన బిడ్డ సంగతేమిటి? దానికి జవాబు మనకు పొరుగునే దొరికింది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా దక్షిణ కొస సిరొంచ, మన కాళేశ్వరానికి అవతలి ఒడ్డు. అక్కడ తెలుగు మాట్లాడే ఊళ్ళున్నాయి. ఆ జిల్లాకు 1986లో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు వచ్చి 'సెర్చ్' అనే సంస్థను నిలబెట్టారు. వాళ్ళు గడ్చిరోలి ప్రాంతంలో 39 గ్రామాలను తీసుకుని 1995లో తొలి ఏడాదంతా కేవలం గమనించారు. ఊరి ఆడవాళ్ళే ఇంటింటికీ వెళ్ళి 763 మంది నవజాత శిశువులను చూసి రాశారు. సగానికి పైగా బిడ్డలకు ఏదో ఒక దశలో వైద్యం అవసరమైంది. అది అందింది నూటికి ముగ్గురికి కూడా కాదు. నూటికి నలభైమందికి పైగా బరువు తక్కువవాళ్ళే.

తరువాత ఆ ఆడవాళ్ళకే పని నేర్పారు. చదువు ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా. ఊపిరి ఆడని బిడ్డకు ఊపిరి అందించడం, తూకం వేయడం, ఒంటివేడి చూడటం, చిన్న బిడ్డను వెచ్చటి సంచిలో ఉంచడం, తల్లిపాలు పట్టించడం, చీముజబ్బు లక్షణాలు కనబడితే తల్లిదండ్రుల అనుమతితో మందు తాగించి సూది వేయడం. ఏడో క్లాసు చదివిన పల్లెటూరి స్త్రీ అప్పుడే పుట్టిన బిడ్డకు సూది వేయడమా అని పెద్ద పెద్ద వైద్యులు అభ్యంతరం చెప్పారు. ఫలితాలు 1999 డిసెంబరులో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. మొదట వెయ్యి కాన్పులకు 62 మంది నెలలోపు బిడ్డలు చనిపోతుండగా, 1997–98 నాటికి ఆ సంఖ్య 25.5కు దిగింది. పోలిక కోసం పక్కన పెట్టుకున్న ఊళ్ళలో ఏమీ తగ్గలేదు. ఊళ్ళోకి కొత్తగా ఆసుపత్రి రాలేదు, రోడ్డు రాలేదు, తల్లుల పేదరికమూ పోలేదు. వచ్చింది ఒక్కటే, గడప దాటి లోపలికి వచ్చే పొరుగింటి మనిషి, ఆమె చేతిలో కాటా, థర్మామీటరు, నేర్చుకున్న పని. మంత్రసానికి దక్కని చదువూ, నర్సమ్మకు దక్కని సామీప్యమూ ఒకే మనిషిలో కలవడం అదే మొదలు.

2005 ఏప్రిల్ 12న జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రారంభమైంది. వెయ్యి జనాభాకు ఒక ఆశ కార్యకర్త, ఆ ఊరి కోడలో కూతురో. 2011లో గడ్చిరోలి పద్ధతిని కొంత తగ్గించి దేశమంతటికీ విస్తరించారు. సూది వేసే పని మాత్రం ఆశకు ఇవ్వలేదు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లో పుడితే మొదటి రోజుతో కలిపి ఏడుసార్లు వెళ్ళి చూడాలి. బరువు తక్కువ బిడ్డలనూ, ఆసుపత్రిలో నవజాత శిశు విభాగం నుంచి ఇంటికి వచ్చినవారినీ ఆ తరువాత కూడా చూసి రావాలని పిమ్మట చేర్చారు. ఆ తేదీలను ఒకసారి పరికించండి. మూడో రోజు, ఏడో రోజు. సరిగ్గా పాత పురిటి మైల రోజులు. పూర్వం తలుపు మూసుకునే రోజులనే ఎంచుకుని ఇప్పుడు తలుపు తట్టమన్నారు.

జంక్షన్‌కు ఉత్తరంగా తోటల్లో నేనొక వేసవిలో ఒక ఆశ కార్యకర్త వెంట, ఆ ఇంటివారి అనుమతితో, ఒక బాలింత ఇంటికి వెళ్ళాను. మామిడి కోతల రోజులు. చిక్కాలతో కాయ దింపుతున్నారు, చెట్లకింద గడ్డి పరిచి రసాలు పేరుస్తున్నారు. తోట గుత్తకు తీసుకున్నవారు కాపలాకు పెట్టుకున్న కుటుంబం అది, తాటాకు పాక. నడివేసవి కదా, బిడ్డకు చలేమిటి అనుకుంటాం. అప్పుడే నీళ్ళు పోసిన చిన్నబిడ్డను బల్లఫ్యాను కింద పడుకోబెడితే నడివేసవిలోనూ ఒళ్ళు చల్లబడుతుంది. ఆమె చేతులు సబ్బుతో కడుక్కుని, ముందుగా పాదాలు తాకి చూసింది. తరువాత గుడ్డ ఉయ్యాలలో బిడ్డను వేసి స్ప్రింగు కాటాకు తగిలించి పైకెత్తింది. గడియారం ముల్లు చూస్తూ నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టింది. అరవై దాటితే ప్రమాదమట. "పిన్నిగారూ, బరువు పెరిగేదాకా నీళ్ళు పోయకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు" అంది. ముసలావిడ ఊరుకోలేదు. "ఏమే, మేం కనలేదా, పెంచలేదా?" "మీరు పెంచబట్టే కదండీ ఇంతమందిమి ఉన్నాం. వీడు కాస్త చిన్నవాడు, నాలుగు వారాలు ఆగుదాం" అంది నవ్వుతూ. ముసలావిడ మెత్తబడింది. ఆ వరస కలిపే మాట ఏ శిక్షణ పుస్తకంలోనూ ఉండదు. ఆ ఊరి మనిషి కనుక ఆమెకు వచ్చింది.

ఆ పాకలో ఇంకొక వస్తువు నన్ను ఆకట్టుకుంది. చప్పరించలేని బిడ్డకు తల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతో పడుతోంది. ముక్కున్న ఆ చిన్న గిన్నె మన అమ్మమ్మల కాలం నాటిది. సీసాకంటే శుభ్రం చేయడం తేలికని ఈనాడు దక్షిణాది ఆసుపత్రుల్లో నెలలు నిండని బిడ్డలకు నర్సులు వాడేదీ అదే తీరు గిన్నె. అలాగే తల్లి ఛాతీకి బిడ్డను అదుముకుని ఉంచే 'కంగారూ' పద్ధతి. 1978లో కొలంబియాలోని బొగోటా నగరంలో, బిడ్డలను వెచ్చగా ఉంచే పెట్టెలు చాలక డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా దాన్ని మొదలుపెట్టాడు. హర్యానా పల్లెల్లో 8,402 మంది చిన్న బిడ్డల మీద జరిగిన అధ్యయనం 2019లో లాన్సెట్‌లో వచ్చింది. కార్యకర్తలు ఇళ్ళకు వెళ్ళి తల్లులకు ఆ పద్ధతి నేర్పినచోట మొదటి నెల మరణాలు సుమారు 30 శాతం తగ్గాయి. తల్లినీ బిడ్డనూ ఒకే పక్కలో, ఒకే గదిలో ఉంచిన పాత పురిటిగదిలో కూడా ఒక వివేకం ఉందని దీనివల్ల తోస్తుంది. పోవలసింది అందులోని చీకటి, పొగ, అంటు. ఉండవలసింది ఆ దగ్గరితనం.

ఇక లెక్కలు. 1992–93లో ఆంధ్రప్రదేశ్‌లో ఆసుపత్రి కాన్పులు మూడింట ఒక వంతే. 2019–21 నాటికి 96 శాతం దాటాయి. వెయ్యి కాన్పులకు ఏడాదిలోపు శిశుమరణాలు 2005లో ఉమ్మడి రాష్ట్రంలో 57, 2020లో విభజిత ఆంధ్రప్రదేశ్‌లో 24. ఇది చిన్న విజయం కాదు. రోడ్లు, 108 వాహనాలు, ఆసుపత్రులు, చదువు, టీకాలు అన్నీ ఇందులో ఉన్నాయి, ఒక్క ఆశ కార్యకర్తకే దీన్ని అంటగట్టలేం. అయితే మరణాలు తగ్గేకొద్దీ మిగిలినవి ఎక్కువగా మొదటి నెలలోకి, చిన్న బిడ్డల మీదికి చేరుతున్నాయి. కాన్పు ఆసుపత్రికి తరలింది కనుక ఇంటి దగ్గర పని తీరిపోయిందని అనుకోవడం పొరపాటు. పుట్టుక మూడు రోజుల ముచ్చట, బరువు పెరగడం నెలల తరబడి పని. ఆ పని జరిగేది ఇంట్లోనే.

ఆ పని చేసే మనిషికి మనం ఏమి ఇస్తున్నాం? 2011 నిబంధనల ప్రకారం ఆరు సందర్శనలకూ కలిపి 250 రూపాయలు. అదీ బిడ్డ బరువు కార్డులో రాసి ఉండాలి, టీకాలు పడాలి, జననం నమోదు కావాలి, 42వ రోజు వరకు తల్లీ బిడ్డా క్షేమంగా ఉండాలి. ఆ చివరి షరతు చదివినప్పుడు నాకు చాలాసేపు మనసు మనసులో లేదు. కిలోన్నర బిడ్డ కోసం అందరికంటే ఎక్కువసార్లు తిరిగి, చివరికి ఆ బిడ్డ దక్కకపోతే, తిరిగిన తిరుగుడుకు విలువ లేదన్నమాట. డాక్టరుకు ఇలాంటి షరతు ఎవరైనా పెడతారా? ఆమెకు 'స్వచ్ఛంద కార్యకర్త' అని పేరు పెట్టడంలోనే ఈ మెలిక ఉంది. కాన్పుకింత ధాన్యమన్న మంత్రసాని పద్ధతి ఇక్కడ రూపాయల్లోకి మారింది, అంతే.

మార్పు రాలేదని అనను. సమ్మెలు, ధర్నాల తరువాత 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆశల నెలసరి గౌరవ వేతనాన్ని పదివేలకు పెంచింది. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశ కార్యకర్తలందరికీ కలిపి ప్రపంచ ఆరోగ్య నాయకత్వ పురస్కారం ఇచ్చింది. 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం వారికి గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు ఇస్తామని ప్రకటించింది. బాలింతలను చూసే మనిషికి ప్రసూతి సెలవు మాట వినిపించడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

ఆసుపత్రులకు శంకుస్థాపన రాళ్ళుంటాయి, ఎవరు కట్టించారో, ఎవరు తెరిచారో వాటిమీద చెక్కి ఉంటుంది. పురిటింటి గడప దాటి లోపలికి వెళ్ళిన ఆడవాళ్ళకు అటువంటి రాయి లేదు. మంత్రసానులు ఒక్కొక్కరే పోయారు. ఎవరు ఎన్ని కాన్పులు చేశారో, ఎంతమంది చిన్న బిడ్డలను దూదిలో చుట్టి దక్కించారో రాసినవారు లేరు. అది మన చరిత్రలో పూడ్చలేని ఖాళీ. ఈనాటి కార్యకర్తల విషయంలోనైనా అలా జరగకూడదు. వారి సంచిలోని రిజిస్టర్లలో మూడో రోజు బరువు, ఏడో రోజు బరువు, నలభై రెండో రోజు బరువు వరుసగా రాసి ఉంటాయి. కిలో ఏడు వందలు, కిలో ఆరు వందల యాభై, రెండు కిలోల ఎనిమిది వందలు. మన పల్లెల చరిత్రలో ఇంత నమ్మకమైన పత్రాలు తక్కువ. వాటిని జాగ్రత్త చేయాలి. ఆ చివరి షరతును కొట్టివేయాలి. మీ ఇళ్ళలో ఎనభై దాటిన పెద్దవాళ్ళుంటే, తమకు పురుడు పోసిన మనిషి పేరేమిటో ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. చాలామందికి ఆ పేరు ఇంకా గుర్తుంటుంది.